టర్మినల్‌ చెప్పిన డైరెక్ట్ గ్యాప్: ఒక హాఫ్ హ్యూస్లర్ పదార్థం మీద కేస్ స్టడీ

నేపథ్యం

పదార్థ విజ్ఞానంలో కంప్యూటర్ గణనలు చేసే పరిశోధక విద్యార్థులకు సాఫ్ట్‌వేర్ వైపు నుంచి తోడ్పడడం నా పని. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్‌ల దాకా తిరుపతిలో ఇలాంటి పని జరగగల చోట్లు ఒకటికి మించి ఉన్నాయి కాబట్టి, ఈ కేసు ఎక్కడిదో చెప్పకుండానే జరిగినదంతా చెప్పవచ్చు. పదార్థాన్ని కూడా మార్చాను. అసలు సమ్మేళనానికి బదులు అదే కుటుంబంలో అందరికీ తెలిసిన జిర్కోనియం నికెల్ టిన్‌ను తీసుకుని చెబుతున్నాను. ఈ కేసుకు సంబంధించినంత వరకు రెండింటి ప్రవర్తన ఒకటే, ఇక్కడ ఇచ్చిన బ్యాండ్ సంఖ్యలు జిర్కోనియం నికెల్ టిన్‌వే.

ఇది హాఫ్ హ్యూస్లర్ తరగతికి చెందిన పదార్థం, అంటే మూడు మూలకాలు సమాన సంఖ్యలో ఒక నిర్దిష్ట ఘనాకార అమరికలో కూర్చున్న సమ్మేళనం. స్ఫటికం సౌష్ఠవాన్ని సూచించే స్పేస్ గ్రూప్ సంఖ్య 216. స్ఫటికమంతటా పునరావృతమయ్యే అతి చిన్న గడిలో, అంటే ప్రిమిటివ్ సెల్‌లో, మూడే పరమాణువులు ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ వేసే ఘనాకార కన్వెన్షనల్ సెల్‌లో పన్నెండు ఉంటాయి. ఫార్ములాకు 18 వేలెన్స్ ఎలక్ట్రాన్లు ఉండడం వల్ల మూడూ లోహాలే అయినా సమ్మేళనం మాత్రం సెమీకండక్టర్. వేడిని విద్యుత్తుగా మార్చే థర్మోఎలక్ట్రిక్ పదార్థాల్లో, ఎన్ టైపు వైపు, దీనికి మంచి పేరుంది. ఎలక్ట్రాన్లు నిండిన వేలెన్స్ బ్యాండ్‌కూ ఖాళీగా ఉన్న కండక్షన్ బ్యాండ్‌కూ మధ్య ఉన్న శక్తి ఎడమే గ్యాప్; పీబీఈ ఫంక్షనల్ అనే ఉజ్జాయింపుతో లెక్కిస్తే అది సుమారు 0.5 ఎలక్ట్రాన్ వోల్ట్ వస్తుంది. ఎలక్ట్రాన్ తరంగాల దిశనూ తరంగదైర్ఘ్యాన్నీ సూచించే కే బిందువులు బ్రిల్వాన్ జోన్ అనే పరిధిలో ఉంటాయి; గామా దాని కేంద్రం, ఎక్స్ దాని అంచు మీది బిందువు. వేలెన్స్ బ్యాండ్ శిఖరం గామా బిందువు దగ్గర, కండక్షన్ బ్యాండ్ అడుగు ఎక్స్ బిందువు దగ్గర ఉంటాయి, అంటే ఇది ఇండైరెక్ట్ గ్యాప్; రెండూ ఒకే బిందువు దగ్గర ఉంటే డైరెక్ట్ అంటారు. ఎక్స్ బిందువులు మూడు కాబట్టి ఎలక్ట్రాన్లకు మూడు లోయలు (శక్తి అతి తక్కువగా ఉండే చోట్లు) దొరుకుతాయి. ఎన్ టైపు పనితీరు బాగుండడానికి ఈ మూడు లోయలూ ఒక కారణం.

విద్యార్థిని ఉన్న బృందం ప్రధానంగా ప్రయోగశాల బృందం. ఆర్క్ మెల్టింగ్‌తో నమూనాలు తయారు చేసి సీబెక్ గుణకం (ఉష్ణోగ్రత తేడాకు ఎంత వోల్టేజి పుడుతుందో చెప్పేది), విద్యుద్వాహకత కొలుస్తారు. గణనల వైపు ఆమె ఒక్కతే. వెళ్లిపోయిన సీనియర్ విడిచిపెట్టిన ఫోల్డరే ఆమెకు గురువు: ఇన్‌పుట్ ఫైళ్లు, ఒక షెల్ స్క్రిప్ట్, పేరులో "ఫైనల్" అని మూడుసార్లు ఉన్న ఒక కేపాయింట్స్ ఫైలు (ఏ కే బిందువుల దగ్గర లెక్కించాలో చెప్పేది). గణన వాస్ప్‌ (ఎలక్ట్రాన్ల శక్తులను లెక్కించే సాఫ్ట్‌వేర్)తో, విశ్లేషణ సుమోతో. సుమో అంటే పైమాట్‌జెన్ అనే పైథాన్ లైబ్రరీ మీద కట్టిన కమాండ్ లైన్ పనిముట్ల కట్ట, 2018లో ప్రచురితమైంది. వాస్ప్ నడిచిన ఫోల్డర్‌లోకి వెళ్లి సుమో-బ్యాండ్‌స్టాట్స్ అని టైప్ చేస్తే గ్యాప్ ఎంత, అది డైరెక్టా కాదా, శిఖరం ఎక్కడ, అడుగు ఎక్కడ, ప్రభావ ద్రవ్యరాశి (స్ఫటికంలో ఎలక్ట్రాన్ ఎంత బరువున్నట్టు కదులుతుందో) ఎంత అన్నవి కొన్ని పంక్తుల్లో చెబుతుంది. పని తేలిక చేసే సాధనమే. ఆ తేలికే ఈ కేసులో మొదటి పంక్తి దగ్గరే చదవడం ఆపించింది.

వచ్చిన సమస్య

జిర్కోనియంలో నాలుగో వంతు స్థానంలో హాఫ్నియం పెట్టి ఏమవుతుందో చూడాలన్నది ఆమె ఉద్దేశం. నాలుగు జిర్కోనియం పరమాణువులుంటేనే వాటిలో ఒకదాన్ని మార్చగలం కనుక పన్నెండు పరమాణువుల సెల్ తీసుకుంది. ఆ ఎంపిక సమంజసమే. పోలికకు పనికొస్తుందని హాఫ్నియం లేని శుద్ధ సమ్మేళనాన్ని కూడా అదే సెల్‌లో నడిపింది. ఇదీ సమంజసమే. శుద్ధ సమ్మేళనానికి సుమో-బ్యాండ్‌స్టాట్స్ ఇచ్చిన జవాబు: డైరెక్ట్ గ్యాప్, గామా దగ్గర, విలువ 0.5కు చాలా దగ్గర.

ఇది అప్పటికి ప్రచురితమైన పేపర్లన్నిటికీ విరుద్ధం. అయినా, డైరెక్ట్ గ్యాప్ ఉంటే పదార్థం ఆ శక్తి గల కాంతిని నేరుగా పీల్చుకుంటుంది కాబట్టి, చిత్తుప్రతిలో పరారుణ కాంతిని పసిగట్టే సాధనాలకు ఈ పదార్థం పనికొస్తుందని ఒక పేరా చేరిపోయింది. గైడ్‌కు అక్కడే అనుమానం వచ్చి నా దగ్గరికి పంపారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "సార్, టూల్ తప్పు చెప్తా ఉందా, లేకుంటే మునుపటి పేపర్లే తప్పా?" అని.

రెండూ కాకపోవచ్చని నాకు అనిపించడానికి ఒక కారణం ఉంది. గ్యాప్ విలువ పేపర్లతో కలుస్తోంది, దాని స్వభావం మాత్రం కలవడం లేదు. ఫంక్షనల్‌లోనో, సూడోపొటెన్షియల్‌లోనో (పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ల బదులు వాడే నమూనా), లాటిస్ కొలతలోనో తేడా ఉంటే ముందు విలువే కదలాలి. విలువ కదలకుండా శిఖరం, అడుగు ఉన్న చోట్లు మాత్రమే మారితే, తేడా భౌతికంలో కాక మనం చిరునామాలు రాసుకున్న తీరులో ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఆ దారిలోకి నేరుగా దిగలేదు. ఆమె చూపించిన బొమ్మల్లో ఇంకో లోపం కంటికి కనబడుతోంది, దాన్ని పక్కన పెట్టి ముందుకు పోతే తర్వాత ఏది దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేము.

ప్రయత్నించినవి

ఆ లోపం ఇది: స్థితి సాంద్రత (ఏ శక్తి దగ్గర ఎన్ని ఎలక్ట్రాన్ స్థితులున్నాయో చూపే) బొమ్మనూ బ్యాండ్ బొమ్మనూ పక్కపక్కన పెడితే, ఫెర్మీ శక్తి (ఎలక్ట్రాన్లు నిండే హద్దు) దగ్గర గీసే రెంటి సున్నా గీతలు కలవడం లేదు. వాస్ప్‌లో బ్యాండ్ గణన సాధారణంగా ముందే స్థిరపడిన ఛార్జ్ సాంద్రతను కదపకుండా, ఐఛార్జ్ అనే ఇన్‌పుట్ విలువ 11 పెట్టి నడుపుతాం. అప్పుడు జోన్ అంతటా పరుచుకున్న బిందువులు ఉండవు, ఎంచుకున్న గీతల మీది బిందువులే ఉంటాయి. వాటి ఆధారంగా అది రాసే ఫెర్మీ శక్తిని నమ్మకూడదు; దాన్ని ముందు జరిగిన సెల్ఫ్ కన్సిస్టెంట్ గణన (ఛార్జ్ సాంద్రత స్థిరపడేదాకా నడిపినది) నుంచి తీసుకోవాలి. అలా తీసుకోగానే రెండు బొమ్మలూ కలిశాయి. డైరెక్ట్ అన్న మాట మాత్రం అలాగే ఉంది. ఉండాలి కూడా, ఎందుకంటే అన్ని బ్యాండ్లనూ ఒకే మొత్తం కిందికో పైకో జరిపితే శిఖరం ఉన్న చోటు మారదు.

నా దగ్గరికి రాకముందే ఆమె కే బిందువుల వలను చిక్కబరిచి చూసింది. ఫలితం మారలేదు. సుమోను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసింది, మారలేదు. చివరికి బ్యాండ్ శక్తులుండే ఐగెన్‌వాల్ ఫైలు మీద తనే ఒక చిన్న ఆక్ (టెక్స్ట్ ఫైళ్లను చదివే భాష) స్క్రిప్ట్ రాసుకుని ప్రతి కే బిందువు దగ్గర నిండిన చివరి బ్యాండ్‌నూ ఖాళీగా ఉన్న మొదటి బ్యాండ్‌నూ తీసి పోల్చింది. అదీ డైరెక్ట్ అనే చెప్పింది. ఇంత శ్రమ పడ్డాక తన ఫలితం మీద నమ్మకం పెరగడం సహజం. కానీ ఆ రెండు పనిముట్లూ చదివింది ఒకే గణనను. వాటి ఏకాభిప్రాయం ఫైలు చదవడంలో పొరపాటు లేదని చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. సుమోలో దోషం లేదని తేల్చినందుకు మాత్రం ఆ ఆక్ స్క్రిప్ట్‌కు విలువ ఉంది. అది లేకపోతే నేను కూడా కొంతసేపు వెర్షన్ల చుట్టూ తిరిగేవాణ్ని.

తరువాత సుమో-కేజెన్‌ను ఆ ఫోల్డర్‌లోనే నడపమన్నాను. ఈ కమాండ్ పోస్‌కార్ అనే ఫైలులోని పరమాణు నిర్మాణాన్ని చూసి దాని సౌష్ఠవాన్ని గుర్తించి, దానికి తగిన బ్యాండ్ దారిని (ఏ కే బిందువుల గుండా బ్యాండ్లను గీయాలో) తయారు చేస్తుంది. ఇచ్చిన సెల్ ప్రామాణిక ప్రిమిటివ్ సెల్ కాకపోతే దారి తప్పు కావచ్చని హెచ్చరించి, సరైన సెల్‌ను పోస్‌కార్_ప్రిమ్ అనే పేరుతో పక్కన రాసి పెడుతుంది. ఇక్కడ హెచ్చరిక వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. స్పేస్ గ్రూప్ 216 అని కూడా చెప్పలేదు. సౌష్ఠవం దాదాపు ఏమీ లేని నిర్మాణంగా చూపించింది.

కారణం షెల్ స్క్రిప్ట్‌లో దొరికింది. రిలాక్సేషన్‌కు (పరమాణువులను కనిష్ఠ శక్తి స్థానాలకు చేర్చే గణనకు) ముందు పరమాణువులను కొద్దిగా అటూ ఇటూ కదిపి, సౌష్ఠవాన్ని ఆపివేసి, చాలా వదులైన బల పరిమితితో ఆపే ఏర్పాటు అందులో ఉంది. సీనియర్ ఎక్కడో లోపాలున్న సెల్ కోసం రాసుకున్నది అయ్యుండాలి. లోపాల గణనలో అలా కదపడం మంచి పద్ధతే. శుద్ధ స్ఫటికానికి అది అక్కరలేదు. పరమాణువులు తమ ఆదర్శ స్థానాలకు పూర్తిగా తిరిగి రాకుండానే గణన ఆగిపోయింది. సౌష్ఠవం గుర్తించేటప్పుడు సుమో మామూలుగా పాటించే సహన పరిమితి 0.01 ఆంగ్‌స్ట్రామ్, ఈ స్థానభ్రంశాలు దాన్ని దాటాయి. పరిమితిని 0.1కి పెంచి నడపగానే 216 అని చెప్పింది, హెచ్చరిక వచ్చింది, మూడు పరమాణువుల పోస్‌కార్_ప్రిమ్ ఫోల్డర్‌లో ప్రత్యక్షమైంది.

పరిమితిని పెంచడం ఒక నిర్ణయం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నిజంగానే వక్రీకరణ చెందిన పదార్థం అయితే, పెంచిన పరిమితి ఆ వక్రీకరణను చెరిపేసి లేని సౌష్ఠవాన్ని అంటగడుతుంది. ఇక్కడ పెంచవచ్చని అనుకోవడానికి రెండు ఆధారాలు ఉన్నాయి: నమూనాల ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ఘనాకార నిర్మాణాన్నే చూపించింది; ఆదర్శ స్థానాల్లో పరమాణువులను పెట్టి లెక్కించిన మొత్తం శక్తి, కదిపిన నిర్మాణం శక్తి కంటే తక్కువగా వచ్చింది. రెండో ఆధారం లేకుండా మొదటిదాన్ని మాత్రమే నమ్మేవాణ్ని కాను, గది ఉష్ణోగ్రత దగ్గర సగటున ఘనాకారంగా కనిపించే పదార్థాలన్నీ లోపల అలాగే ఉండాలని లేదు.

తేలిన విషయం

సౌష్ఠవం సరిచేసిన రెండు సెల్‌లనూ ఒకే ఇన్‌పుట్‌తో, కే బిందువుల సాంద్రత సమానంగా ఉండేట్టు నడిపాం. ఈసారి మొదటి పంక్తిని వదిలేసి, కింద శిఖరానికీ అడుగుకూ ఇచ్చే బ్యాండ్ సంఖ్యలను ఆమె చేత పైకి చదివించాను. మూడు పరమాణువుల సెల్‌లో శిఖరం గామా దగ్గర, బ్యాండ్లు 11, 12, 13. అడుగు ఎక్స్ దగ్గర, బ్యాండ్ 14 ఒక్కటే. ఇండైరెక్ట్. పన్నెండు పరమాణువుల సెల్‌లో శిఖరం గామా దగ్గర, బ్యాండ్లు 50, 51, 52. అడుగు కూడా గామా దగ్గరే, బ్యాండ్లు 53, 54, 55. డైరెక్ట్. రెండింటి గ్యాప్ విలువలకూ మధ్య తేడా కొన్ని మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లకు మించలేదు.

ఈ లెక్క ఎలా వచ్చిందో కాగితం మీద వేయించాను. వాడిన సూడోపొటెన్షియళ్లలో జిర్కోనియానికి 12, నికెల్‌కు 10, టిన్‌కు 4 ఎలక్ట్రాన్లు, మొత్తం 26. బ్యాండ్‌కు రెండు చొప్పున 13 బ్యాండ్లు నిండుతాయి. నాలుగు రెట్ల సెల్‌లో 52 నిండుతాయి. అంటే సంఖ్యలు సరిగ్గానే ఉన్నాయి. తెలియవలసింది ఒక్కటే: మూడు పరమాణువుల సెల్‌లో ఒంటరిగా ఉన్న అడుగు బ్యాండ్, పెద్ద సెల్‌లో ఒకే శక్తి దగ్గర మూడుగా ఎందుకు కనిపిస్తోంది?

సెల్ ఘనపరిమాణం నాలుగు రెట్లయితే బ్రిల్వాన్ జోన్ నాలుగో వంతుకు కుదించుకుపోతుంది. చిన్న సెల్ జోన్‌లో వేర్వేరుగా ఉన్న నాలుగు బిందువులు పెద్ద సెల్ జోన్‌లో ఒకే బిందువు మీదికి వస్తాయి, మడిచిన పంచెలో అంచు మీది చుక్కలు నడిమి చుక్క మీదికి వచ్చినట్టు. గామా మీదికి వచ్చే నాలుగూ ఏవంటే, గామా తానే, ఆపై మూడు ఎక్స్ బిందువులు. 53, 54, 55 ఆ మూడు ఎక్స్ లోయలే. పేపర్లు ఎక్స్ దగ్గర అన్నదాన్నే ఈ గణన గామా దగ్గర అని చెబుతోంది. ఆమె మొదటి గణనలో ఈ ఆనవాలు ఎందుకు కనబడలేదన్నది కూడా ఇప్పుడు తేలిపోయింది. కదిపిన నిర్మాణంలో ఆ మూడు శక్తులూ కొద్దికొద్దిగా విడిపోయాయి. పనిముట్టు ఒక సన్నని పరిమితిలో సమానంగా ఉన్న బ్యాండ్లనే ఒక జట్టుగా చూపిస్తుంది కాబట్టి అడుగు దగ్గర ఒకే ఒక సంఖ్యను ఇచ్చింది.

దీన్ని ఇంకో వైపు నుంచి కూడా పరీక్షించాం, మడత అన్నది నా మాట మీద నమ్మాల్సిన విషయం కాకూడదని. నిజంగా డైరెక్ట్ గ్యాప్ అయితే కాంతి శోషణ 0.5 దగ్గరే మొదలవ్వాలి. శుద్ధ స్ఫటికంలో మడత వల్ల మాత్రమే ఒకే బిందువు మీదికి వచ్చిన స్థితుల మధ్య సంక్రమణకు మాట్రిక్స్ విలువ (కాంతి ఆ సంక్రమణను కలిగించగల బలం) సున్నా అవుతుంది. పన్నెండు పరమాణువుల సెల్‌తోనే ఆప్టికల్ గణన చేసి సుమో-ఆప్ట్‌ప్లాట్‌తో గీయిస్తే, శక్తి స్థాయిలను కొద్దిగా వెడల్పు చేయడానికి గణనలో వాడిన విస్తరణ వల్ల వచ్చే సన్నని తోక తప్ప 0.5 దగ్గర ఏమీ లేదు. శోషణ అంతకన్నా బాగా పైన, చిన్న సెల్ ఇచ్చిన డైరెక్ట్ గ్యాప్ దగ్గర మొదలైంది. పరారుణ సాధనాల పేరా ఆ సాయంత్రమే చిత్తుప్రతి నుంచి పోయింది.

ఇక ఆ కేపాయింట్స్ ఫైలు సంగతి. అందులో ఎక్స్ అని పేరు పెట్టిన బిందువు (½, 0, ½). ఫేస్ సెంటర్డ్ ప్రిమిటివ్ సెల్ అక్షాల్లో అది నిజంగానే ఎక్స్. అదే అంకెలను ఘనాకార సెల్‌కు ఇస్తే అది ఎమ్ అనే వేరే బిందువు అవుతుంది. పేరు మాత్రం ఫైలులో రాసిన ఎక్స్ గానే బొమ్మ మీదికి వస్తుంది, ఏ పనిముట్టూ దాన్ని ప్రశ్నించదు. ఈ పదార్థంలో శిఖరమూ అడుగూ రెండూ గామా మీదికే చేరాయి కాబట్టి తప్పుదారి మీద కూడా గ్యాప్ విలువ సరిగ్గా వచ్చి తప్పును దాచిపెట్టింది. ప్రభావ ద్రవ్యరాశుల్లో ఆ అదృష్టం లేదు. గామా నుంచి ఎక్స్ వైపు అని పట్టికలో చేరినవి నిజానికి ఘనం ముఖం మీది కర్ణం దిశలో తీసినవి. ఆ దిశలో ఒక లోయ తన అడ్డ ద్రవ్యరాశిని (లోయ అక్షానికి అడ్డంగా ఉండేదాన్ని) చూపిస్తే, మిగిలిన రెండూ నిలువు (అక్షం వెంట ఉండే), అడ్డ ద్రవ్యరాశుల మిశ్రమాన్ని చూపిస్తాయి. ఆ పట్టికను సవరించడం కుదరదు, చిన్న సెల్‌లో మళ్లీ తీయాల్సిందే. అడుగు చుట్టూ బిందువులను దగ్గరదగ్గరగా పెట్టి తీశాం.

అప్పటినుంచి, ఎవరైనా పాత ఫోల్డర్‌తో వస్తే ముందు అందులోని ఫైళ్లతోనే సిలికాన్‌ను రెండు పరమాణువుల సెల్‌లో ఒకసారి, ఎనిమిది పరమాణువుల సెల్‌లో ఒకసారి నడిపిస్తున్నాను. సిలికాన్ అడుగు గామా నుంచి ఎక్స్ వరకు ఉన్న దూరంలో సుమారు 85 శాతం దగ్గర ఉంటుంది. ఘనాకార సెల్‌లో అది మడత పడి, గామా నుంచి ఆ సెల్ ఎక్స్ వరకు ఉన్న దారిలో సుమారు 30 శాతం దగ్గర కనిపించాలి. ఫేస్ సెంటర్డ్ అంకెలను ఘనాకార సెల్‌కు ఇస్తే ఆ దారి అడుగును తాకనే తాకదు, గ్యాప్ ఉండాల్సినదాని కంటే కొంచెం ఎక్కువగా వస్తుంది. హాఫ్ హ్యూస్లర్ దాచిన తప్పును సిలికాన్ దాచలేదు, పైగా ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది.

హాఫ్నియం చేరిన సెల్

అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. నాలుగింట ఒక జిర్కోనియం స్థానంలో హాఫ్నియం చేరితే పన్నెండు పరమాణువుల సెల్ తానే ప్రిమిటివ్ అవుతుంది, స్పేస్ గ్రూప్ 215. ఇక్కడ సుమో-కేజెన్ హెచ్చరించదు, హెచ్చరించడానికి కారణమూ లేదు. గామా, ఎక్స్, ఎమ్, ఆర్ అనే ఘనాకార దారిని ఇస్తుంది, దాని మీద బ్యాండ్‌స్టాట్స్ డైరెక్ట్ అనే అంటుంది. ఆ సెల్ వరకు ఆ మాట అక్షరాలా నిజం. కానీ నమూనాలో హాఫ్నియం ఇంత క్రమంగా కూర్చోదు, జిర్కోనియం స్థానాల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. కాబట్టి ఈ స్థితులు శుద్ధ స్ఫటికంలోని ఏ బిందువు లక్షణాన్ని ఎంత మేరకు నిలుపుకున్నాయన్నదే అడగవలసిన ప్రశ్న.

దానికి బ్యాండ్లను విప్పి చూపే పద్ధతి ఉంది. పొపెస్కు, జుంగర్ 2010లో క్రమం లేని మిశ్రమ స్ఫటికాల (అలాయ్‌ల) కోసం ప్రతిపాదించిన స్పెక్ట్రల్ వెయిట్ (పెద్ద సెల్ స్థితిలో చిన్న సెల్‌లోని ఒక్కో బిందువు వాటా) ఆలోచన దీనికి ఆధారం. ఈజీ-అన్‌ఫోల్డ్ అనే కమాండ్ లైన్ పనిముట్టుకు ప్రిమిటివ్ సెల్, పెద్ద సెల్, చిన్న సెల్ దారి ఇస్తే, పెద్ద సెల్‌లో ఏ ఏ బిందువుల దగ్గర గణన చేయాలో రాసి ఇస్తుంది. గణన అయ్యాక, ఎలక్ట్రాన్ తరంగాల వివరాలుండే వేవ్‌కార్ ఫైలు నుంచి ప్రతి స్థితి బరువును తీసి చిన్న సెల్ దారి మీద గీస్తుంది. ఇక్కడ ఒక చిన్న ఆటంకం వచ్చింది. డిస్క్ కోటా నిండుతోందని వేవ్‌కార్‌ను రాయవద్దని పాత ఇన్‌పుట్‌లో ఉంది, అందుకని గణన మళ్లీ నడపాల్సి వచ్చింది. సౌష్ఠవం తగ్గడం వల్ల బిందువుల సంఖ్య కూడా పెరిగింది, క్యూలో కొంత కాలం పట్టింది.

వచ్చిన బొమ్మలో అడుగు స్థితుల బరువు దాదాపు అంతా ఎక్స్ దగ్గరే ఉంది, గామా దగ్గర చాలా పలుచగా కనిపించింది. హాఫ్నియం, జిర్కోనియం ఒకే గ్రూపువి, పరిమాణంలో కూడా దాదాపు సమానం కాబట్టి ఇలాగే రావాలని అనుకున్నాం, అలాగే వచ్చింది. చిత్తుప్రతిలో మూడు లోయల వాదన నిలబడింది, డైరెక్ట్ అన్న పదం తీసేశారు.

గైడ్ చివరగా అడిగింది, సీబెక్ లెక్కలన్నీ మళ్లీ చేయాలా అని. వాటిని బోల్ట్జ్‌ట్రాప్2 అనే సాఫ్ట్‌వేర్‌తో చేశారు. అది దారి మీది బిందువులను కాక జోన్ అంతటా పరుచుకున్న వలను తీసుకుని సమాకలనం చేస్తుంది. మడత పడ్డా పడకపోయినా ఆ మొత్తంలో ఉండే స్థితులు అవే, పేర్లు తప్పు రాసిన కేపాయింట్స్ ఫైలు ఆ గణనలోకి రానే రాలేదు. కదిపిన నిర్మాణం వల్ల లోయల మధ్య వచ్చిన తేడా కొన్ని మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు మాత్రమే, గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి సుమారు 26. శుద్ధ సమ్మేళనానికి ఒకసారి ఆదర్శ నిర్మాణంతో నడిపి పోల్చమన్నాను. రెండు వక్రరేఖలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, పాత సీబెక్ పటాలను మార్చకుండా అలాగే ఉంచారు.